మంగు మచ్చలకు పది సెషన్ల లేజర్ ప్యాకేజీ కట్టబోతున్న, కొరియాలోని మన అమెరికా ఆర్మీ ఇళ్ళ ఆడవాళ్ళకు

అక్కలకు, చెల్లెళ్ళకు, ఈ మధ్యే టెక్సాస్ నుంచో హవాయి నుంచో కొరియాలో దిగి ఇంకా పెట్టెలు కూడా విప్పని కొత్తవాళ్ళకు నమస్కారం.

నేను మీలో చాలామందికి తెలుసు. పిల్లల పార్కు దగ్గరికి పులిహోర గిన్నెతో వచ్చే తెనాలి ఆవిడని. మా ఆయన ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చి, గ్రీన్ కార్డు లేనివాళ్ళని కూడా ఆర్మీలోకి తీసుకునే మావ్నీ అని ఒక పథకం ఉండేది, 2009లో మొదలై 2016లో ఆగిపోయింది, దాంట్లో ఆర్మీకి వెళ్ళారు. ఆ దారిలో వచ్చిన మనవాళ్ళ ఇళ్ళు ఇక్కడ కొరియాలో మన బేస్ ఉన్న ప్యొంగ్‌టెక్ చుట్టుపక్కల కొన్ని ఉన్నాయి. ఒక్క జీతం, ఆర్మీ కుటుంబాలకి ఇచ్చే ఎ-3 వీసా, బయట ఉద్యోగం చెయ్యాలంటే మళ్ళీ వేరే అనుమతి, మొగుడు నెలలో సగం రోజులు ఫీల్డ్‌లో. ఇవన్నీ నేను మీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది వేరే ఉంది.

పోయిన వారం మనవాళ్ళలో ఒకావిడ ఒక కూపన్ పంపింది, చూశారు కదా. లేజర్ టోనింగ్, పది సెషన్లు, ఇంత తక్కువకి ఎక్కడా రాదు, మీరు ఇద్దర్ని తీసుకొస్తే మీకు ఒక సెషన్ ఫ్రీ. సాయంత్రానికి తొమ్మిది మంది పేర్లు ఇచ్చారు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. ఎందుకంటే ఆ ధరకి కాస్త అటూ ఇటూగా నేనూ కట్టాను, కిందటి ఏడాది, కట్టి ఏమైందో ఎవరికీ చెప్పుకోలేక ఆరు నెలలు మాస్కు పెట్టుకుని తిరిగాను. "జలుబా అక్కా" అని అడిగినవాళ్ళందరికీ అవునని చెప్పాను. అది జలుబు కాదు.

నాకు రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చింది. అప్పటికి టెక్సాస్‌లో ఉన్నాం, ఆ ఎండ మీకు తెలిసిందే. వీడియో కాల్‌లో మా అత్తయ్య ఫోన్ దగ్గరికి జరిగి మరీ చూసి "ఏంటే, అలా నల్లబడ్డావు" అనేది. మా అమ్మ ఇంకో అడుగు ముందుకేసి, ఎవరో వచ్చేవాళ్ళ చేత నాలుగు ట్యూబులు పంపింది. మందుల షాపతను ఇచ్చాడట, చీటీ కూడా అడగలేదట. పూసిన పదిహేను రోజులకి మొహం పాలుగారినట్టు వచ్చింది, నిజం చెప్తున్నా, అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు. తర్వాత మానితే మంట, ఎరుపు, సన్నటి పొక్కులు, పైపెదవి మీద నూగు. మళ్ళీ పూస్తే తగ్గేది. అందుకే పూస్తూనే ఉన్నాను.

ఆ ట్యూబులో ఉన్నవి మూడు: మచ్చ తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితో పాటు స్టెరాయిడ్. డాక్టరు చూసి కొన్ని వారాలకి రాసే మందు అది, ఫేర్‌నెస్ క్రీము కాదు. మన దేశంలో ఈ దురలవాటు ఎంత ముదిరిందంటే 2018లో ప్రభుత్వం చర్మానికి పూసే స్టెరాయిడ్లు కొన్నిటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పాల్సి వచ్చింది. అయినా మా తెనాలి షాపతను అమ్మాడు, మా అమ్మ కొంది, నేను పూశాను. ముగ్గురిలో నాకే కాస్త చదువుంది, చూడండి మరి.

అలాంటి చర్మంతో నేను ఇక్కడి క్లినిక్‌కి వెళ్ళాను. లోపల అంతా తెల్లటి సోఫాలు, కాఫీ మిషను, చెప్పులు విడిచి వేసుకోవడానికి గులాబీ రంగు స్లిప్పర్లు. ముందు నన్ను చూసింది డాక్టరు కాదు, కన్సల్టెంట్ అట, చేతిలో ట్యాబ్లెట్ పట్టుకున్న అమ్మాయి. పాపాగో అనే అనువాద యాప్‌లో టైప్ చేసుకుంటూ మాట్లాడుకున్నాం. మంగుని వీళ్ళు గిమి అంటారు. నేను బుగ్గ చూపించి గిమి అన్నాను, ఆ అమ్మాయి తల ఊపి ధరల పట్టిక తిప్పింది. ఈవెంట్ ధర 3,90,000 వోన్లు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకేదో ఉంది, ఇంటికొచ్చాక చదివితే "పన్ను అదనం" అని. అందానికి చేసే వైద్యానికి ఇక్కడ పది శాతం వ్యాట్ ఉంటుంది, వాళ్ళు బోర్డు మీద పెట్టే ధరలో చాలాసార్లు అది కలవదు. మొత్తం 4,29,000, అంటే దాదాపు 300 డాలర్లు. ట్యూబుల సంగతి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, సిగ్గేసింది. తప్పంతా క్లినిక్‌దే అని నేను అనను, అందులో నా వాటా నాకుంది.

డాక్టరు మొహం నేను చూసింది నిమిషన్నర. కళ్ళకి నల్ల కప్పులు పెట్టారు, చెవి పక్కన టప్ టప్ టప్ అని ఆగకుండా చప్పుడు, నూగు కాలిన వాసన, మన ఇళ్ళలో కోడిని కాల్చేటప్పుడు వస్తుంది చూడండి, అలాంటిది. తర్వాత చల్లటి ప్యాకు. వారానికి ఒకటి. రెండో సెషన్‌కి మచ్చ నిజంగానే పలచబడింది, నేనే ఇద్దరికి చెప్పాను కూడా, ఆ పాపం నాదే. నాలుగో సెషన్ అయిన పది రోజులకి బాత్రూంలో మొహం కడుక్కుంటుంటే కుడి బుగ్గ మీద నూకలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. సబ్బు నురగేమో అనుకుని మళ్ళీ కడిగాను. మంగు ఉన్నచోటే ఉంది, దాని మధ్యలో తెల్ల చుక్కలు.

ఇది నా ఒక్కదాని దురదృష్టం కాదు, ఈ లేజర్ గురించి చర్మ వైద్యులకి బాగా తెలిసిన సంగతి. టోనింగ్ అంటే ఎన్‌డీ యాగ్ అనే లేజర్‌ని, 1064 నానోమీటర్లది, తక్కువ శక్తితో ఎక్కువసార్లు కొట్టడం. అది వెతికేది మెలనిన్‌ని, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థాన్ని. మచ్చలో ఉన్న మెలనిన్ ఏది, చామనఛాయ మనిషికి పుట్టుకతో వచ్చిన మెలనిన్ ఏది అని యంత్రానికి తేడా తెలీదు. సెషన్లు దగ్గర దగ్గరగా ఎక్కువైతే రంగు తయారు చేసే కణాలే దెబ్బతిని అక్కడక్కడ తెల్ల చుక్కలు వస్తాయి. వేడి ఎక్కువైతే దానికి ఎదురు, కాలిన చోట ఇంకా నల్లబడుతుంది. మనకి చిన్న మొటిమ గిల్లినా ఆర్నెల్లు మచ్చ ఉంటుందా లేదా, అదే గుణం. ఐపీఎల్ అనే లైటు ట్రీట్‌మెంట్ మన రంగుకి ఇంకా ప్రమాదం, అది చవగ్గా వస్తోందని అసలు వెళ్ళొద్దు. చర్మాన్ని ఆరు రకాలుగా చెప్పే ఫిట్జ్‌పాట్రిక్ కొలత ఒకటుంది, 1975లో అది మొదలైనప్పుడు తెల్లవాళ్ళ రకాలే ఉండేవి, గోధుమ, నలుపు చర్మాలకి ఐదు, ఆరు తర్వాత చేర్చారు. మనలో ఎక్కువమందిమి నాలుగూ ఐదూ. ఇక్కడి క్లినిక్కులకి రోజూ వచ్చేవాళ్ళు మనకంటే లేత రంగువాళ్ళు, డాక్టర్ల చెయ్యి ఆ సెట్టింగులకి అలవాటు పడి ఉంటుంది. ఇక్కడ కుషన్ కాంపాక్ట్ కొనడానికి వెళ్ళిన ఎవరికైనా ఇది తెలుసు, ఎటు చూసినా 21, 23 అనే లేత షేడ్ నంబర్లే, మన మొహానికి రాస్తే సున్నం వేసినట్టుంటుంది. మన రంగుకి కాంపాక్టే దొరకని వీధిలో లేజర్ మాత్రం సరిగ్గా దొరుకుతుందని ఎలా అనుకున్నానో నాకే తెలీదు.

డబ్బు సంగతి కూడా వినండి. ఆరు సెషన్లు మిగిలాయి, అవి వద్దు, డబ్బు ఇచ్చెయ్యండి అన్నాను. లెక్క చేసి చూపించారు. వాడిన నాలుగు సెషన్లకి ఈవెంట్ ధర వర్తించదట, అసలు ధర సెషన్‌కి లక్షన్నర, నాలుగింటికి ఆరు లక్షలు. నేను కట్టింది 4,29,000. అంటే నేనే బాకీ. ఆ అమ్మాయి చాలా మర్యాదగా నవ్వి "ఫర్వాలేదు, అది అడగం" అని పాపాగోలో చూపించింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కొరియా కన్స్యూమర్ ఏజెన్సీ అని ప్రభుత్వ సంస్థ ఉంది, మధ్యలో మానేసిన ప్యాకేజీల గొడవలు వాళ్ళు చూస్తారు. డాక్టరు వల్ల దెబ్బతింటే 2012లో పెట్టిన వైద్య వివాదాల మధ్యవర్తిత్వ సంస్థ ఉంది, విదేశీయులూ వెళ్ళొచ్చు. నాకు అప్పుడు ఇవేవీ తెలీవు, పైగా నా చేతిలో కాగితం ముక్క లేదు. మన వైద్య రికార్డు కాపీ అడిగి తీసుకునే హక్కు ఇక్కడి చట్టంలోనే ఉంది, అడిగితే ఇవ్వాలి. ఏ రోజు ఏ మిషను, ఎంత శక్తితో కొట్టారో ప్రతిసారీ రాయించుకోండి, ఇంకో డాక్టరుకి చూపించడానికైనా పనికొస్తుంది.

ఇప్పుడు బోర్డుల సంగతి, ఇది నాకు సియోల్‌లో ఒక డాక్టరమ్మ చెప్పింది, చెప్పినప్పటి నుంచి నేను ఏ వీధిలో నడిచినా తలెత్తి బోర్డులే చూస్తున్నాను. చర్మ విభాగాన్ని పిబుగ్వా అంటారు, క్లినిక్‌ని ఉయివన్ అంటారు. చర్మ స్పెషలిస్టు పెట్టిన క్లినిక్ అయితే పేరు, పిబుగ్వా, ఉయివన్ అని మూడూ కలిపి ఒకే పేరుగా ఉంటాయి. స్పెషలిస్టు కాని డాక్టరు పెట్టినదైతే పేరు, ఉయివన్ అని ఆగి, విడిగా "జిల్యో గ్వామొక్" అని రాసి, అంటే ఇక్కడ చూసే విభాగాలు అని, ఆ తర్వాత పిబుగ్వా అని ఉంటుంది. లైసెన్సు ఉన్న ఏ డాక్టరైనా లేజర్ చెయ్యడం ఇక్కడ చట్టబద్ధమే, అది మోసం కాదు, మంచివాళ్ళూ ఉంటారు. కానీ తేడా ఉందని మనకి తెలియాలి కదా. నేను వెళ్ళిన చోట ఆ జిల్యో గ్వామొక్ ముక్క ఎంత చిన్నదంటే, మొన్న రాత్రి కావాలని వెళ్ళి చూశాను, మిగతా బోర్డంతా ధగధగా వెలుగుతోంది, ఆ ఒక్క ముక్క వెనకాల లైటే లేదు.

ఇక మన బేస్ ఆసుపత్రి, ఆర్మీ కుటుంబాల ఆరోగ్య బీమా ట్రైకేర్. "వాళ్ళు ఏం చెయ్యరు, ట్రైకేర్ కాస్మెటిక్ కవర్ చెయ్యదు" అని అందరూ ఒకే మాట. నిజమే, అందం కోసం చేసేది ట్రైకేర్ ఇవ్వదు. కానీ మనం అందం సమస్య అని అనుకునేవాటిలో సగం అందం సమస్యలు కావు. మెడ చుట్టూ నల్లగా, కాస్త మందంగా, ముట్టుకుంటే మఖమల్‌లా ఉందనుకోండి. మనవాళ్ళు సెనగపిండి, నిమ్మచెక్క, చివరికి వంటసోడా పెట్టి తోమేస్తారు. అది మురికి కాదమ్మా, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చెయ్యట్లేదని చర్మం చెప్తున్న కబురు, చాలాసార్లు. మన ఇళ్ళలో షుగరు లేని ఇల్లు చూపించండి. దానికి కావాల్సింది చర్మం పై పొర ఒలిచే పీల్ కాదు, రక్త పరీక్ష. గడ్డం కింద గరుకు వెంట్రుకలు, నెలసరి తప్పడం, మొటిమలు మూడూ కలిసి ఉంటే లేజర్ కంటే ముందు పీసీఓఎస్, అంటే అండాశయాల హార్మోన్ల సమస్య, దాని సంగతి చూడాలి, లేకపోతే తీసినకొద్దీ వస్తూనే ఉంటాయి. మొటిమలు, తామర, స్టెరాయిడ్ క్రీముతో పాడైన మొహం, ఆకారం మారుతున్న పుట్టుమచ్చ, ఇవన్నీ వైద్యమే, అందం కాదు. బేస్ ఆసుపత్రిలో మనకి కేటాయించిన డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగితే పరీక్షలు అక్కడే అవుతాయి, అవసరమైతే స్పెషలిస్టుకి రాస్తారు. నేను వెళ్ళి "నా మొహానికి లేజర్ చేస్తారా" అని అడిగాను, కాదన్నారు, వచ్చేశాను. "నాలుగు నెలలుగా స్టెరాయిడ్ పూశాను, మానలేకపోతున్నాను" అని ఉంటే కథ వేరేగా ఉండేది. కమాండ్ స్పాన్సర్‌షిప్, అంటే కుటుంబాన్ని తెచ్చుకోవడానికి ఆర్మీ ఇచ్చే అనుమతి, లేకుండా వచ్చిన చెల్లెళ్ళకి ట్రైకేర్‌లో ప్రైమ్ అనే ప్లాను ఉండదు, సెలెక్ట్ అనేది ఉంటుంది, మీ లెక్క వేరు, కౌంటర్‌లో ముందే అడిగి తెలుసుకోండి. ఇంకో మాట, బయట డబ్బు కట్టి చేయించుకున్నది వికటిస్తే దానికీ ట్రైకేర్ ఇస్తుందిలే అన్న ధీమా పెట్టుకోవద్దు.

బొటాక్స్ చేయించుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు, దానికీ రంగుకీ సంబంధం లేదు, ఇక్కడ ధర నిజంగానే తక్కువ. వెంట్రుకలకి లేజర్ కూడా ఇక్కడ చేయించుకోవచ్చు, కాకపోతే మన రంగుకి 1064 ఎన్‌డీ యాగ్ అడగండి, 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ కాదు, చెవి వెనకాలో దవడ కిందో చిన్న చోట టెస్ట్ చేసి కొన్ని వారాలు ఆగండి. ఆగమంటే మొహం చిట్లించే క్లినిక్ అయితే లేచి వచ్చెయ్యండి.

బేస్‌లో ఒకరి ఇంట్లో పెదవులు నిండుగా కనిపించడానికి లోపలికి ఎక్కించే ఫిల్లర్ వేస్తున్నారట, సూది కూడా లేని పెన్నుతో, నొప్పి ఉండదట. వద్దు. ఈ పెన్నులు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే కండ చచ్చిపోతుంది, చూపు పోయిన కేసులూ ఉన్నాయి. ఎవరింట్లోనో సోఫా మీద పడుకుని చేయించుకునే పని కాదు అది. క్వార్టర్స్‌లో ఏ వ్యాపారం పెట్టాలన్నా గారిసన్, అంటే బేస్ పాలన చూసే ఆఫీసు, అనుమతి కావాలి, గొడవైతే ముందు పిలిచేది మన మొగుళ్ళనే.

ఇక ఆ కూపన్ పెట్టిన అక్కకి. మీ పేరు రాయను, మీ మీద కోపం లేదు, మీరు మంచి అనుకునే పంపారు. కానీ కొరియా వైద్య చట్టంలో డబ్బుకో లాభానికో పేషెంట్లని తీసుకెళ్ళి అప్పగించడం నేరం, విదేశీ పేషెంట్లకైతే రిజిస్టర్ అయిన సంస్థలకి మాత్రమే మినహాయింపు. ఒక ఫ్రీ సెషన్ కోసం మీరు ఆ చిక్కులో పడొద్దు. ఆ కూపన్ తీసెయ్యండి. దాని బదులు మనమే ఒక చిన్న పట్టిక రాసుకుందాం: ఎవరు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళారు, స్పెషలిస్టా కాదా, మన రంగువాళ్ళకి ముందు చేశారా, పన్నుతో సహా ఎంతయింది, ఆర్నెల్ల తర్వాత ఎలా ఉంది. ఆ చివరిది ముఖ్యం. రెండు వారాల తర్వాత తీసిన ఫోటో నాది కూడా బ్రహ్మాండంగా ఉంది.

నాకు ఇప్పుడు ఎలా ఉందంటారా. సియోల్ డాక్టరమ్మ ప్యాకేజీ అమ్మలేదు. ముందు స్టెరాయిడ్ నెమ్మదిగా మాన్పించింది, అది నరకం, రెండు నెలలు మొహం టమాటా పండులా ఉంది. తర్వాత అజెలాయిక్ యాసిడ్ ఇచ్చింది. రంగు కలిపిన సన్‌స్క్రీన్ వాడమంది, ఎందుకంటే మంగుకి ఎండలోని అల్ట్రావయొలెట్ ఒక్కటే కాదు, మామూలు వెలుతురు కూడా పడదు, దాన్ని ఆపేది ఆ గోధుమ రంగులో ఉండే ఐరన్ ఆక్సైడ్. రెండు వేళ్ళ పొడుగునా గీత పెట్టి అంతా మొహానికీ మెడకీ రాయాలి, మనం రాసేది అందులో పావు వంతు. కాన్పు కోసం చూస్తున్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు ట్రెటినాయిన్ లాంటి రెటినాయిడ్ల జోలికి వెళ్ళొద్దు, బేస్‌లోని ఎక్స్‌ఛేంజ్ షాపులో చీటీ లేకుండా దొరికే అడాపలీన్ కూడా వద్దు, డాక్టర్ని అడగకుండా ఏదీ మొదలుపెట్టొద్దు. మూడు నెలల్లో డాక్టరు ఫీజు, మందులు, సన్‌స్క్రీన్ అన్నీ కలిపి ఆ ప్యాకేజీలో సగం కూడా కాలేదు. మంగు పూర్తిగా పోలేదు, పలచబడింది, ఎండాకాలం మళ్ళీ కాస్త ముదురుతుంది. తెల్ల చుక్కలు చాలావరకు కలిసిపోయాయి, చెవి దగ్గర మూడు ఉన్నాయి, వెలుతురులో చూస్తే కనిపిస్తాయి.

మా అత్తయ్య మొన్న కూడా "ఏంటే, ఇంకా తగ్గలేదా" అంది. తగ్గింది అత్తయ్యా, ఇంక ఇంతే అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, తనకీ పెద్ద కాన్పప్పుడు వచ్చిందని, నలభై ఏళ్ళయినా పోలేదని, నుదుటి దగ్గరి జుట్టు పైకి తీసి చూపించింది. ఇన్నేళ్ళలో ఆ మచ్చ నేను చూడనేలేదు.

వచ్చే శనివారం పొద్దున నేను సియోల్ వెళ్తున్నాను. పేర్లు ఇచ్చిన ఆ తొమ్మిది మందిలో ఇంకా డబ్బు కట్టనివాళ్ళు ఎవరైనా ఉంటే నాతో రండి, ముందు ఒక్క కన్సల్టేషన్ చేయించుకుని తర్వాత మీ ఇష్టం. మేకప్ లేకుండా రండి. ఇండియా నుంచి వచ్చిన ట్యూబులు ఏవైనా ఉంటే, అత్తగారు పంపినవైనా సరే, దాచకుండా సంచిలో వేసుకుని తీసుకురండి. పిల్లల్ని ఎక్కడ వదలాలా అని టెన్షన్ పడొద్దు, ఆ రోజు మా ఆయన ఇంట్లోనే ఉంటారు, ఇద్దరు ముగ్గుర్ని చూసుకుంటానన్నారు. నలుగురైతే మాత్రం ముందే చెప్పండి.

మీ తెనాలి అక్క